హంపిలో ఓ గది కట్టాలంటే

కమలాపురంలో ఒకాయన ఉన్నాడనుకుందాం. హంపి శిథిలాలను ఆనుకునే ఉన్న ఊరది. ఇల్లు తాతల నాటిది, పట్టా ఆయన పేరునే ఉంది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, పొలం మీద వచ్చేది చాలడం లేదు. వారాంతం వస్తే హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ కార్లు బారులు తీరుతున్నాయి కదా, మేడ మీద రెండు గదులు వేసి యాత్రికులకు అద్దెకిద్దామనుకున్నాడు. మన ఊళ్లో అయితే ఏం చేస్తాం? మేస్త్రీని పిలుస్తాం, ముహూర్తం చూసి స్లాబు వేసేస్తాం, కాగితాల సంగతి ఆనక చూసుకుంటాం. ఆయన మాత్రం పద్ధతిగా పోదామనుకున్నాడు. కష్టాలన్నీ అక్కణ్ణుంచే మొదలు.

పట్టణ పంచాయతీకి వెళ్తే, ముందు 'ప్రాధికార' అనుమతి తెమ్మన్నారు. హంపి ప్రపంచ వారసత్వ ప్రాంత నిర్వహణా ప్రాధికార సంస్థను అక్కడి జనం ముద్దుగానూ, విసుగ్గానూ కూడా పిలిచే పేరు అది. ప్రాధికారలో మాస్టర్ ప్లాన్ చూసి, మీ ఇల్లు ఫలానా జోన్‌లో పడుతుంది, దగ్గర్లో కేంద్ర రక్షిత కట్టడం ఉంది కాబట్టి అటు నుంచి కూడా కాగితం కావాలన్నారు. కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆ పైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత మొదలయ్యేది గుడి గోడ దగ్గర్నుంచి కాదు, రికార్డుల్లో గీసిన రక్షిత హద్దు నుంచి. ఆ హద్దు ఆయనకు కంటికి కనబడదు, ఏ తంగేడు పొదలోనో రాయి పాతి ఉంటుంది. ఇంతా చేసి ఆయన ఇల్లు 90 మీటర్ల దూరంలో పడిందో, మరమ్మతులకు దరఖాస్తు పెట్టుకోవచ్చు గానీ గది మాట ఎత్తడానికి లేదు. 110 మీటర్లలో పడిందో, ఫైలు ఢిల్లీలోని జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థ దాకా వెళ్లి రావాలి.

ఈలోగా పక్కింటాయన ఏ కాగితమూ లేకుండా రేకుల షెడ్డు వేసి, 'హోమ్‌స్టే' అని బోర్డు పెట్టి, రెండు సీజన్లు సంపాదించుకున్నాడు.

ఇది కల్పించి చెప్పిన కథే. కానీ హంపి పాలన ఎలా నడుస్తుందో అర్థం కావాలంటే చట్టాల పేర్లు వరుసగా చదవడం కంటే ఇలా ఒక ఇంటాయన వెనకాల నడవడమే సులువు. నేను చెప్పదలచుకున్నదీ ఆ ఇద్దరు పొరుగువాళ్ల మధ్య తేడాలోనే ఉంది. హంపిలో చట్టం లేక కాదు, సంస్థ లేకా కాదు. రోజువారీగా, చిన్న చిన్నగా 'ఇది చేసుకో, అది మానుకో' అని చెప్పాల్సిన పాలన ఏళ్ల తరబడి నోరు విప్పదు. ఒకసారి విప్పిందంటే అది కోర్టు తీర్పు రూపంలోనే, జేసీబీ వెంటబెట్టుకునే వస్తుంది.

ఎన్ని హంపిలు?

మనకు, అంటే తెలుగువాళ్లకు, హంపి అనగానే కృష్ణదేవరాయలు, భువనవిజయం, రాశులు పోసి రత్నాలు అమ్మిన వీధులు. గుంతకల్లులో రైలు మారి హోస్పేటలో దిగి ఆటో ఎక్కే తెలుగు కుటుంబాలు రాయల సొంతూరికి వచ్చినంత చనువుగా తిరుగుతాయి. కన్నడిగులకు అది రాష్ట్ర గౌరవం. 2017లో వచ్చిన కొత్త 50 రూపాయల నోటు వెనక రాతిరథం ఎక్కాక దేశమంతటికీ ఓ గుర్తు. ఇదంతా ఒక హంపి.

యునెస్కో 1986లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన హంపి మరొకటి. దాని విస్తీర్ణం దాదాపు 42 చదరపు కిలోమీటర్లు. చుట్టూ రక్షణ వలయంగా గుర్తించింది ఇంకో 194 చదరపు కిలోమీటర్లు. లోపల 1,600కు పైగా కట్టడాల అవశేషాలున్నాయి. గుళ్లు, కోటగోడలు, మంటపాలు, పుష్కరిణులు, కాలువలు, గుర్రాల బాటలు అన్నీ అందులోనే. వీటిలో కేంద్ర పురావస్తు శాఖ నేరుగా రక్షించేవి యాభై పైచిలుకు మాత్రమే. మరికొన్ని రాష్ట్ర పురావస్తు శాఖ కిందికి వస్తాయి. మిగిలినవి అరటితోటల్లో, చెరుకు మళ్లలో, ఎవరి పెరట్లోనో ఉన్నాయి.

ఇక మూడో హంపి పంటల హంపి. తుంగభద్ర మీద విజయనగర కాలంలో కట్టిన ఆనకట్టల నుంచి తీసిన కాలువలు ఈనాటికీ పారుతున్నాయి. తుర్తు కాలువ నీళ్లు రాతి ప్రాకారాల మధ్యగా పోయి అరటికీ వరికీ అందుతాయి. రాణివాసం చూసి ఎండకు సోలిపోయిన యాత్రికుడు ఏ గట్టున కూర్చుని కాళ్లు కడుక్కుంటాడో, ఆ కాలువ కూడా వారసత్వ కట్టడమే. అదే కాలువకు సిమెంటు లైనింగు వేస్తే రైతుకు చివరి మడిదాకా నీరు పారుతుంది, పురావస్తు శాస్త్రవేత్తకు అయిదొందల ఏళ్ల కట్టు పాడవుతుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

నాలుగోది దేవుడి హంపి. 1565లో నగరం కొల్లబడ్డాక కూడా విరూపాక్షుడి దీపం ఆరలేదు. డిసెంబరు ప్రాంతంలో ఫలపూజ అంటే పంపాదేవికి నిశ్చితార్థం, చైత్రంలో పెళ్లి, రథోత్సవం. గుడిలో పూజారులు, హుండీ, ఏనుగు, ప్రసాదం కర్ణాటక దేవాదాయ శాఖ కిందికి వస్తాయి. అదే గుడి స్తంభాలు, గోపురం, పైకప్పు బొమ్మలు పురావస్తు శాఖ చూసుకోవాలి. ఒకే స్తంభానికి పసుపు కుంకుమ రాసే చెయ్యి ఒక శాఖది, దాన్ని కడిగే చెయ్యి ఇంకో శాఖది.

నది అవతల ఆనెగొంది ఉంది. ఆ ఒడ్డు కొప్పళ జిల్లా. ఇవతలి ఒడ్డు 2021 దాకా బళ్లారి జిల్లాలో ఉండేది, ఇప్పుడు విజయనగర జిల్లా. ఆనెగొంది వైపే అంజనాద్రి కొండ, 575 మెట్లు. హనుమంతుడు పుట్టింది ఇక్కడేనని ఆ ఒడ్డువాళ్లూ, తిరుమల అంజనాద్రిలోనని 2021లో తిరుమల తిరుపతి దేవస్థానమూ చెప్పుకున్న వాదులాట మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఎవరిది నెగ్గిందన్నది పక్కనబెడితే, ఆ చర్చ తర్వాత కొండకు వచ్చే జనమూ పెరిగారు, రోప్‌వే, వసతి గృహాలంటూ ప్రభుత్వ హామీలూ పెరిగాయి. పురావస్తు పటంలో అది వారసత్వ ప్రాంతం, భక్తుడికి పుణ్యక్షేత్రం, పర్యాటక మంత్రికి ఎత్తైన 'వ్యూ పాయింటు'.

ప్రతి కార్యాలయానికీ వీటిలో ఒక హంపే కనబడుతుంది. ఏది తన పద్దులో ఉందో అదే. పురావస్తు శాఖ రాయికి జవాబుదారీ, దేవాదాయ శాఖ హుండీకి, నీటిపారుదల శాఖ ఆయకట్టుకు, పర్యాటక శాఖ వచ్చిన తలల లెక్కకు. అన్నిటినీ కలిపి చూడటానికే ప్రాధికార పుట్టింది. అది పుట్టడానికి కారణం ఓ వంతెన.

వంతెన కథ

తుంగభద్ర దాటడానికి ఆనెగొంది వాళ్లకు తరతరాలుగా పుట్టే దిక్కు. వెదురు బద్దల గుండ్రటి పుట్టిలో మనుషులు, మేకలు, ఆనక మోటారు సైకిళ్లు కూడా ఎక్కేవి. నది పొంగితే అదీ బంద్. రోడ్డు మీద చుట్టు తిరిగి వెళ్లాలంటే సుమారు 40 కిలోమీటర్లు. కాబట్టి వంతెన కావాలని వాళ్లు అడగడంలో వింతేమీ లేదు. 1990లలో రెండు తీగల వంతెనలు మొదలయ్యాయి. తళవారఘట్ట దగ్గర వాహనాలకు ఒకటి, విరూపాపుర గడ్డె వైపు నడిచి వెళ్లడానికి మరొకటి. రెండూ వారసత్వ ప్రాంతం నడిబొడ్డునే. భారీ వాహనాలు శిథిలాల మధ్య నుంచి పోతాయన్న ఆందోళనతో 1999లో యునెస్కో హంపిని 'ప్రమాదంలో ఉన్న వారసత్వం' జాబితాలో వేసింది.

ఇక్కడో అపోహ తీర్చుకోవాలి. యునెస్కోకు పోలీసులు లేరు, హంపిలో ఒక్క గజం భూమి లేదు, కోట్లు కుమ్మరించేదీ లేదు. దానికున్నది ఒక జాబితా, అందులోంచి తీసేస్తారేమోనన్న భయం. కానీ ప్రభుత్వాలకు ఆ భయం బాగానే పనిచేస్తుంది. పనులు ఆగాయి. కాలినడక వంతెనను విప్పేశారు. కర్ణాటక 2002లో ప్రత్యేక చట్టం చేసి ప్రాధికారను ఏర్పాటు చేసింది. 29 ఊళ్లు, 236 చదరపు కిలోమీటర్లు దాని పరిధి. సమగ్ర నిర్వహణ ప్రణాళిక రాయించారు. 2006లో హంపి ఆ ప్రమాద జాబితాలోంచి బయటపడింది. ఎన్నో తర్జనభర్జనల తర్వాత పెద్ద వంతెన పని మళ్లీ మొదలైంది, 2009 జనవరిలో కడుతుండగానే కూలింది. పని చేస్తున్న కూలీలు చనిపోయారు.

చివరికి ఏం జరిగింది? నది దిగువన, కీలక ప్రాంతానికి దూరంగా, బుక్కసాగర దగ్గర కడెబాగిలు వైపు వంతెన కట్టారు. వాహనాలు ఇప్పుడు దాని మీదుగా పోతున్నాయి. మొదట్లోనే ఆ చోటు ఎంచుకుని ఉంటే? ఎంచుకోవడానికి అన్ని శాఖలనూ ఒక బల్ల ముందు కూర్చోబెట్టేవాళ్లు అప్పుడు లేరు. రోడ్లు వేసేవాళ్లు నదికి అడ్డంగా దగ్గర దారి చూసుకున్నారు, అది వాళ్ల పని. పురావస్తు శాఖ తన కట్టడానికి వంతెన ఎంత దూరమో చూసుకుంది, అది వాళ్ల పని. పుట్టి నడిపేవాణ్ణి గానీ, ఆ పుట్టి ఎక్కి బడికి పోయే పిల్లవాణ్ణి గానీ ఎవరూ అడగలేదు.

సాలు మంటపాలు

నేను మొదటిసారి హంపి వెళ్లింది ఇరవై ఏళ్ల పైమాటే. విరూపాక్ష గుడి తూర్పు గోపురం నుంచి ఎదురు బసవన్న దాకా ముప్పావు కిలోమీటరు వీధి, రెండు పక్కలా రాతి మంటపాల వరుసలు. సాలు మంటపాలంటారు. సాలు అన్న మాట మనకూ ఉంది, నాగటి సాలులో. ఆ సాలంతా అప్పుడు కొట్లూ, కాపురాలూ. ఒక మంటపంలో సైకిళ్లు అద్దెకిస్తారు, దాని పక్కన పుస్తకాల కొట్టు, ఆ పక్కన దోసెలు. రెండు స్తంభాల నడుమ ఇటుకగోడ లేపి నీలిరంగు సున్నం కొట్టారు. స్తంభానికి చెక్కిన ఒక యాళి, అంటే సింహం లాంటి కల్పిత మృగం, మెడకు తాడు కట్టి, తాడు రెండో కొస ఎదుటి స్తంభం మేకుకు బిగించి, పిల్లల బడి బట్టలు ఆరేశారు. ఆ యాళి కింద కూర్చుని టీ తాగాను. అప్పుడు నాకది అందంగానే తోచింది. పురావస్తు అధికారికి గుండె తరుక్కుపోయి ఉంటుందని ఇప్పుడు అర్థమవుతోంది.

2011 జూలై 29న ఆ బజారును కూలగొట్టారు. మూడొందలకు పైగా కుటుంబాలు. అంతకుముందు ఆక్రమణలు తొలగించాలని హైకోర్టు ఆదేశాలున్నాయి, దశాబ్దాలుగా నోటీసులూ ఉన్నాయి. కానీ చివరి కబురుకూ యంత్రాలు రావడానికీ మధ్య గడిచింది గంటలే. సామాను వీధిలోకి మోసుకోవడానికే సరిపోయింది. కొన్ని కిలోమీటర్ల దూరంలో కడ్డిరాంపుర దగ్గర స్థలాలు చూపించారు. అక్కడ ఇళ్లు లేచి, నీళ్లూ కరెంటూ వచ్చి, మనుషులు కుదుటపడటానికి ఏళ్లు పట్టింది.

ఈ సంగతిలో ఎవరి వైపు న్యాయం ఉందని అడిగితే నా దగ్గర ఒక్క ముక్కలో జవాబు లేదు. ఆ మంటపాలు రక్షిత కట్టడంలో భాగం. వాటికి ఇటుకగోడలు కట్టడం, పొయ్యిలు పెట్టడం, మరుగుదొడ్లు తవ్వడం చట్టవిరుద్ధం. ఇందులో సందేహం లేదు. అయితే 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ వర్ణించిన గుడివీధిలో అందమైన ఇళ్లున్నాయి, యాత్రికులు తలదాచుకునే వసారాలున్నాయి, పెద్దవాళ్ల బసలున్నాయి. అంటే అది పుట్టుకతోనే బజారు. జనం ఉండటానికీ, అమ్ముకోవడానికీ కట్టిన వీధి. అక్కడి జనాన్ని ఖాళీ చేయించి 'అసలు రూపు' తెచ్చామంటే, ఏ రూపు అని అడగాలి.

ఈ ప్రశ్న బజారుతో ఆగదు. విఠ్ఠల గుడి ముందున్న రాతిరథాన్నే చూడండి. అలెగ్జాండర్ గ్రీన్‌లా 1856లో తీసిన ఫొటోలో దాని మీద ఇటుక శిఖరం ఉంది. తర్వాతి కాలంలో దాన్ని తీసేశారు. నోటు మీద మనం చూసేది శిఖరం పోయిన రథాన్ని. అదే మనకు 'అసలు'ది. సంరక్షణ అనేది ఎప్పుడూ ఏదో ఒక కాలాన్ని ఎంచుకుని అక్కడ గడియారం ఆపడమే. ఏ గంట దగ్గర ఆపాలో ఎంచేవాళ్లకు ఇష్టాయిష్టాలు ఉండవనుకోవడం అమాయకత్వం. బజారు విషయంలో పదహారో శతాబ్దం దగ్గర ఆపారు, కాకపోతే ఆ శతాబ్దపు మనుషులు లేకుండా.

రెండో దారి లేదా? ఉంది. స్తంభాలకు మేకులు కొట్టకుండా, నిప్పు పెట్టకుండా, రాత్రికి ఖాళీ చేసేలా పగటి కొట్లకు లైసెన్సులివ్వడం. కాపురాలను ఒక్కొక్కటిగా, ముందు ఇల్లు చూపించాకే కదపడం. పని పదేళ్లు సాగేది, విసుగూ పుట్టేది. రోజూ ఎవరో ఒకరు వీధిలో నడిచి 'ఈ మేకు పీకు, ఆ గోడ తియ్యి' అని చెప్పాలి. ఆ ఉద్యోగం ఎవరి జాబ్ చార్టులోనూ లేదు. అలా చూస్తూ ఊరుకున్న ఏళ్లన్నీ కలిసి ఒక తెల్లవారుజామున జేసీబీ అయ్యాయి.

ఇంతా చేశాక మంటపాలైనా భద్రమా అంటే, 2024 మేలో వానలకు అదే సాలులో కొంత భాగం కూలిపోయింది. ఖాళీ చేయించిన మాత్రాన రాయి నిలబడదు. పునాది, నీటి పారుదల, చెట్ల వేళ్లు చూసుకునే మనిషి కావాలి. దానికి మళ్లీ నిధులు, మళ్లీ ఫైళ్లు.

విరూపాపుర గడ్డెదీ ఇదే బాట, కొంచెం పెద్ద ఎత్తున. నది మధ్య లంక లాంటి ఆ చోట వరి పొలాల పక్కన గుడిసెలు, ఆపై రెస్టారెంట్లు, ఆపై రిసార్టులు లేచాయి. విదేశీ కుర్రకారుకు అది 'హిప్పీ ఐలాండ్'. 1988 నాటి రాష్ట్ర నోటిఫికేషన్ ప్రకారం అది రక్షిత ప్రాంతమా కాదా అన్నది వివాదం. యజమానులు కోర్టుకెక్కారు. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అది రక్షిత ప్రాంతమేనని తేల్చింది, నెల తిరక్కుండా కూల్చివేతలు జరిగాయి. నోటిఫికేషన్‌కీ తీర్పుకీ మధ్య 32 ఏళ్లు. ఆ ఏళ్లలో అక్కడ పెట్టుబడి పెట్టినవాళ్లను తప్పుపట్టడం తేలిక. కానీ కరెంటు కనెక్షన్లు ఎవరిచ్చారు? ఆపాల్సినవాళ్లు ఆ ముప్పై ఏళ్లూ ఎటు చూస్తున్నారు?

డబ్బు ఎటు పోతుంది

విఠ్ఠల గుడికి టికెట్ భారతీయులకు 40 రూపాయలు, విదేశీయులకు 600. అదే టికెట్ మీద రాణివాసం, కమలాపురం మ్యూజియం కూడా చూడొచ్చు. ఈ సొమ్ము కేంద్ర ఖజానాకు పోతుంది. హుండీ డబ్బు దేవాదాయ శాఖకు. గది అద్దె ఎక్కువగా హోస్పేట హోటళ్లకు, ఎందుకంటే హంపిలో గదులు కట్టనివ్వరు కదా. మరి నీళ్ల సీసాలు, చిప్స్ పొట్లాలు, పేపరు ప్లేట్లు? వాటిని ఊడ్చేది స్థానిక పంచాయతీ. ఆదాయం ఎటు పోతోందో, చెత్త ఎటు మిగులుతోందో పక్కపక్కన పెట్టి చూస్తే, స్థానికులకు వారసత్వం అన్న మాట వింటే ఎందుకు ఒళ్లు మండుతుందో అర్థమవుతుంది.

నాకు నచ్చిన మినహాయింపు ఒకటి ఉంది. విఠ్ఠల గుడికి చివరి కిలోమీటరు దాకా సొంత వాహనాలు రానివ్వరు. గెజ్జల మంటపం దగ్గర ఆపి బ్యాటరీ బండి ఎక్కాలి. ఆ బండ్లు నడిపేది అమ్మాయిలు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. క్యూ పెద్దదే, ఎండలో విసుగే. కానీ పొగ లేదు, హారన్లు లేవు, ఊళ్లో కొన్ని ఇళ్లకు నెల జీతం వస్తోంది. చూడటానికి చిన్న ఏర్పాటు. 'ఇది వద్దు' అన్నచోటే 'దాని బదులు ఇది' అని చూపించిన అరుదైన సందర్భం అది.

శిక్ష విషయంలోనూ అలాంటిదే ఒకటి జరిగింది. 2019లో కొందరు కుర్రాళ్లు రాతి స్తంభాన్ని తోసి పడేస్తూ తీసుకున్న వీడియో బయటికొచ్చింది. కోర్టు ఒక్కొక్కరికి 70,000 రూపాయల జరిమానా వేసి, స్తంభాన్ని మళ్లీ వాళ్లచేతే నిలబెట్టించింది. పడేయడానికి పట్టింది క్షణాలే. నిలబెట్టేటప్పుడు రాయి బరువు తెలిసొచ్చి ఉంటుంది.

ఇక నది సంగతి. హంపి గుళ్లలో ఒడ్డున ఉన్నవి, ముఖ్యంగా పురందర మంటపం, వరదొస్తే మునుగుతాయి. ఎంత నీరు వదలాలి, ఎప్పుడు వదలాలి అన్నది ప్రాధికార చేతిలో లేదు, పురావస్తు శాఖ చేతిలో లేదు. ఎగువన హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం ఉంది. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మూడూ భాగస్వాములైన బోర్డు నీటి పంపకాలు చూస్తుంది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మన పత్రికల్లో వచ్చిన గోడు అంతా కర్నూలు, అనంతపురం ఆయకట్టు గురించి. రాయల కాలపు మంటపం మెట్ల మీదికి ఎంత నీరెక్కిందో ఎవరికీ పట్టలేదు. పట్టకపోవడం సహజమే, ముందు అన్నం. కాకపోతే హంపి మీద రాసే ఏ ప్రణాళికైనా డ్యాం గేటు దగ్గర ఆగిపోతుందని గుర్తుపెట్టుకోవాలి.

ఇదంతా పొరుగు రాష్ట్రపు గొడవ కదా అనుకోవడానికి మనకు ఇప్పుడు వీల్లేదు. 2021 జూలై 25న పాలంపేట రామప్ప గుడి ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. తెలంగాణ ప్రభుత్వం పాలంపేటకు ప్రత్యేక ప్రాంత అభివృద్ధి ప్రాధికార సంస్థను ఏర్పాటు చేసింది. పేరులో తేడా గమనించారా? హంపిది 'నిర్వహణ', మనది 'అభివృద్ధి'. మాటకేముందిలే అనుకోవచ్చు. కానీ అభివృద్ధి అనగానే నాలుగు వరసల రోడ్డూ, పార్కూ, విగ్రహమూ కళ్ల ముందుకొచ్చే అలవాటు మనది. రామప్ప అంటే నల్లరాతి మదనికలూ, నీటిలో తేలే ఇటుకలూ మాత్రమేనా? రేచర్ల రుద్రుడు 1213లో గుడి కట్టించాడు, ఆ పక్కనే చెరువుంది. ఆ చెరువు కింద ఇప్పటికీ వరి పండుతోంది. చెరువూ, గుడీ, ఊరూ కలిపి ఒక్క ఆలోచనగా కట్టిన కాకతీయుల పద్ధతి అది. చెరువు నీటిపారుదల వాళ్లది, గుడి కేంద్ర పురావస్తు శాఖది, ఊరు పంచాయతీది, బోటు షికారు పర్యాటక శాఖది అయిందంటే, హంపి దారిలో మొదటి మైలురాయి దాటినట్టే.

రామప్పకు ఇంకా కొంత వ్యవధి ఉంది. గుడి ముందు కొట్లు ఎక్కడ పెట్టుకోవాలో, హోమ్‌స్టే ఎలాంటి ఇంట్లో నడుపుకోవచ్చో, ఎంత ఎత్తు కట్టొచ్చో, ఏ రంగు వేయొచ్చో ఇప్పుడే తెలుగులో, ఒక్క పేజీలో రాసి పంచాయతీ గోడకు అంటించొచ్చు. నూరు మీటర్ల గీత ఎక్కడ పడుతుందో పొలం గట్ల మీద రాళ్లు పాతి సున్నం వేసి చూపించొచ్చు. టికెట్ డబ్బు కాకపోతే పోయింది, పార్కింగు డబ్బైనా ఊరి పారిశుధ్యానికి కేటాయించొచ్చు. కమలాపురం ఇంటాయనకు మొదటి రోజే 'మీకు గది రాదు, కానీ ఉన్న ఇంటిని ఇలా సర్దుకుంటే ఇద్దరు అతిథుల్ని పెట్టుకోవచ్చు' అని చెప్పేవాళ్లుంటే ఆయన చెప్పులు అరిగేవి కావు, పక్కింటి రేకుల షెడ్డూ లేచేది కాదు.

పోయినసారి చైత్రంలో హంపి వెళ్లాను, విరూపాక్షుడి రథోత్సవానికి. ఖాళీగా, తుడిచిపెట్టినట్టుండే ఆ వీధి సాయంత్రానికి కాలు పెట్టే సందు లేకుండా నిండిపోయింది. పల్లెల నుంచి ట్రాక్టర్లలో వచ్చినవాళ్లు రథం మీదికి అరటిపళ్లు విసిరి దణ్ణం పెట్టుకుంటున్నారు. నేల మీద గోనెపట్టాలు పరిచి బొరుగులు, గాజులు, ప్లాస్టిక్ బొమ్మలు అమ్ముతున్నారు. గాజులమ్మే ఒకామె తెలుగు విని పలకరించింది. వాళ్ల చిన్నప్పటి ఇల్లు ఎక్కడో చెబుతూ చేత్తో చూపించింది, కుడిపక్క సాలులో, కాస్త దూరదూరంగా ఉన్న రెండు స్తంభాల నడుమ. ఇప్పుడు ఏడాదికి రెండు రోజులు ఆ స్తంభాల ఎదుట నేల మీద కూర్చుంటుందట. స్తంభానికి ఆనుకోబోతే కాపలాదారు ఈల వేశాడు, సర్దుకుని ఇవతలికి జరిగింది.